పాట విని ఏడుస్తాం, తెల్లారితే మామూలే. మరి పాట చేసేదేంటి?

ఇక్కడ ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. కావలిలో డిగ్రీ చదువుతున్నాడు. ఉద్యమ పాటలు వింటే ఒళ్ళు జలదరిస్తుంది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి, ఏదో ఒకటి చేసెయ్యాలనిపిస్తుంది, తెల్లారేసరికి ఏమీ మిగలదు అంటున్నాడు. ఎలక్షన్లప్పుడు ప్రచార బండి మీద మోగిన పార్టీ పాటకి కూడా అదే జలదరింపు వచ్చిందట. మరి అది నా సొంత భావమేనా, వాళ్ళు నాకు ఎక్కించిందా, పాట మనిషిని నిజంగా మార్చగలదా అని అడుగుతున్నాడు.

నాకు తెలిసినంతలో చెప్తాను. మాది కావలి నుంచి కొండాపురం పోయే దారిలో ఒక ఊరు. సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మన నెల్లూరు జిల్లాకొచ్చినప్పుడు ఇంటర్ అయిపోయి ఇంట్లో ఉన్నాను. ఊరూరా తిరిగి పాటలు, ఆటలు ప్రదర్శించే కళాజాతాలో పాడాను, రాత్రి బడిలో చదువు చెప్పాను, తర్వాత టీచరు ఉద్యోగమొచ్చి ఒంగోలు వైపు స్థిరపడ్డాను. ఇప్పటికీ ఎవరైనా పిల్లలకి పాటలు నేర్పమంటే పోతుంటాను.

ముందు సూటిగా చెప్తా. లేని భావాన్ని పాట పుట్టించలేదు. ఉన్నదాన్ని కదిలిస్తుంది, నోటికందిస్తుంది, అదే బాధ పక్కవాళ్ళకీ ఉందని చూపిస్తుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందనేది పాట చేతిలో లేదు. పాట ఆగినాక అక్కడున్నవాళ్ళు ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకున్నారన్నదాన్ని బట్టే ఉంటుంది. నువ్వు హాస్టల్ రూములో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నావు, పాటైపోయింది, దాని వెనకే ఇంకో పాట దానంతటదే మొదలైంది, మాట్లాడ్డానికి మనిషి లేడు. తెల్లారి మామూలైపోవడంలో వింతేమీ లేదు, నీలో లోపం అంతకన్నా లేదు.

ఈ సంగతి నాకు మొట్టమొదట తెలిసింది చావు జరిగిన ఇళ్ళల్లో. మన పల్లెల్లో మనిషి పోతే ఆడవాళ్ళు శోకాలు పెడతారు, రాగం తీసి ఏడుస్తారు, నువ్వూ వినే ఉంటావు. ఒకామె ఎత్తుకుంటుంది, ఆమె మెడ చుట్టూ చెయ్యేసి ఇంకొకామె అందుకుంటుంది. ప్రతి మాట చివర 'నాయనో' అనో 'నా తండ్రో' అనో సాగదీస్తారు, ఆ సాగదీతలోనే తర్వాతి మాట వెతుక్కుంటారు. ఎవరూ రాసిచ్చింది కాదు, అప్పటికప్పుడు కట్టుకునేది. జాగ్రత్తగా వింటే అందులో పోయినాయన గుణగణాలు కొంచెమే ఉంటాయి, మిగిలిందంతా ఆమె బతుకు. పుట్టింటోళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం ఏమైంది, పంపకాల్లో బావగారు ఏ కయ్య (పొలం మడి) తీసుకుని ఏ కయ్య వదిలాడు, ఆస్పత్రికి తీసుకుపోదామంటే ఎవరు డబ్బుల్లేవన్నారు, అన్నీ ఊరందరి ముందూ బయటికొస్తాయి. మామూలు రోజు అందులో ఒక్క మాట నోరు దాటితే ఆ ఇంట్లో రచ్చ రచ్చే. శోకంలో అంటే మాత్రం ఎవరూ నోరు మూయించలేరు, మూయించబోతే ఊరు ఊరుకోదు. బావగారు అక్కడే తల వంచుకుని కూర్చుని మొత్తం వింటాడు. పెద్దకర్మ అయ్యాక పెద్దమనుషులు కూర్చున్నప్పుడు, 'ఆ పిల్ల అట్లా ఏడ్చింది గదా, ముందు ఆ కయ్య సంగతి తేల్చండి' అని మొదలుపెట్టడం నేను కళ్ళారా చూశాను.

నీ ప్రశ్నకి జవాబు సగం ఇందులోనే ఉంది. ఆ బాధ ఆమెదే, ఏళ్ళ తరబడి లోపల ఉన్నదే, ఎవరూ ఎక్కించలేదు. రాగం దానికి ఊరి ముందుకొచ్చే మర్యాద ఇచ్చింది, ఊరిని సాక్షిగా కూర్చోబెట్టింది. తర్వాత పెద్దమనుషులు మాట్లాడబట్టి అది పంచాయితీ అయింది, మాట్లాడకపోతే ఏడుపుగానే మిగిలేది. ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో వాటా అని మన రాష్ట్రంలో చట్టం వచ్చింది 1986లో. అంతకు ఎంతో ముందు నుంచే మన అమ్మమ్మలు శోకాల్లో ఆ వాటా అడుగుతూనే ఉన్నారు. ఇంట్లో విషయం, రాజకీయ విషయం అని మనం రెండుగా విడదీస్తాం గానీ శోకం పెట్టే మనిషికి ఆ తేడా లేదు.

ఇప్పుడు కళాజాతా సంగతి. సాయంత్రానికి ఊరు చేరేవాళ్ళం, రచ్చబండ దగ్గరో బడి ముందరో పెట్రోమాక్సు లైటు వేలాడదీసేవాళ్ళు, డప్పు మోగగానే పిల్లలు ముందొచ్చేవాళ్ళు, తర్వాత ఆడవాళ్ళొచ్చి గోనెపట్టాల మీద కూర్చునేవాళ్ళు, మగవాళ్ళు వెనక బీడీలు కాలుస్తూ నిలబడేవాళ్ళు. చదువు గురించి, నీళ్ళ గురించి, కూలి గురించి పాటలు. సారా మీద ఒక ఆట ఉండేది, అందులో తాగి పోయిన మొగుడి పక్కన కూర్చుని భార్య పాడాలి. ఆ పాటని మాకు నేర్పించినవాళ్ళు సినిమా ట్యూనులో కాకుండా శోకం రాగంలోనే కట్టారు. ఆ రాగం ఎత్తుకోగానే ముందు వరసలో కూర్చున్న ముసలామెలు ఆట చూస్తున్నామన్న సంగతి మర్చిపోయి 'నాయనో' అని అందుకునేవాళ్ళు. వాళ్ళ ఒంటికి ఆ రాగం తెలుసు, ఆ రాగంలో నిజం చెప్పొచ్చని తెలుసు. వెనక మగవాళ్ళ మాటలు ఆగిపోయేవి.

అయితే మాకు గట్టిగా చెప్పిన నియమం ఒకటుంది. ఆట అయిపోగానే సామాను సర్దుకుని జీపెక్కకూడదు. వాళ్ళ మధ్య కింద కూర్చోవాలి, ఉపన్యాసం ఇవ్వకూడదు, 'మీ ఊళ్ళో ఇట్లాంటిది ఉందా' అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోవాలి. ముందు ఎవరూ మాట్లాడరు. చాలాసేపు అట్లా కూర్చోవడం పాడటం కంటే కష్టం, ఏదో ఒకటి అనేసి ఆ నిశ్శబ్దాన్ని చెరపాలనిపిస్తుంది. తర్వాత ఎవరో ఒకామె నేల చూపులు చూస్తూ, కూలికి పొయ్యి తెచ్చిన బియ్యం పిల్లోళ్ళకని కుండలో దాచిపెడితే తీసుకుపొయ్యి ప్యాకెట్టు తాగొచ్చాడు అంటుంది. ఇంకొకామె, మా ఇంట్లో అయితే పుస్తెలు పోయినాయి అంటుంది. ఇక ఆగదు. అది వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారాని ప్యాకెట్లలో ఊరూరికీ చేర్చిన కాలం. తాగే నీళ్ళు రాని ఊరికి సారా మాత్రం వేళకి వస్తుంది అనే మాట ఆ రోజుల్లో ఎంతమంది నోట విన్నానో. ఒక్కొక్కరూ తన మొగుడి బలహీనత అనుకుంటున్నది, అందరూ చెప్పాక వేలం, కాంట్రాక్టరు, సర్కారు ఆదాయం అనే పెద్ద లెక్కలో భాగమని వాళ్ళకే తెలిసిపోయేది. మేము చెప్పింది ఏమీ లేదు.

రాత్రి బడిలో ఇంకో విషయం గమనించాను. మా వైపు ఆ తరం ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు, 'మా ఇంటాయన' అంటారు, 'పిల్లోళ్ళ నాయన' అంటారు. ఎదురుగా నిలబడి అడగడం అనే మాటే లేదు. నేర్పిన పాటని వాళ్ళు పాడుకుంటూ పాడుకుంటూ రాసిన చరణాలు వదిలేసి సొంత చరణాలు కలుపుకున్నారు. ఒకామె పలక ఒళ్ళో పెట్టుకుని 'మావా' అని పిలిచి నేరుగా నిలదీసే చరణం కట్టింది: నిన్న ఎంత కూలి వచ్చింది, ఇంటికి ఎంత తెచ్చావు, మిగిలింది ఎవరి జేబులోకి పోయింది అని. పక్కనున్నవాళ్ళు మొదట నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు, రెండోసారి పాడేసరికి పల్లవి అందుకున్నారు. రాసిన పాట కంటే అది ఎన్నో రెట్లు పదునుగా ఉంది. కూలి లెక్క పైసలతో సహా అందులో ఉంది మరి.

తర్వాత సంగతి అందరికీ తెలిసిందే గానీ మీ వయసు వాళ్ళకి తెలియకపోవచ్చు కాబట్టి క్లుప్తంగా చెప్తా. కలిగిరి దగ్గర దూబగుంటలో ఆడవాళ్ళు కలిసి సారా కొట్టు మూయించారు, వర్ధినేని రోశమ్మ గారి పేరు అక్కడి నుంచే రాష్ట్రమంతా తెలిసింది. రాత్రి బడి వాచకంలో సీతమ్మ కథ అని సారా మీద పాఠం ఉండేది, తర్వాతి వాచకంలో దూబగుంట ఆడవాళ్ళ కథనే పాఠంగా పెట్టారు. ఒక ఊరి ఆడవాళ్ళు చేసిన పనిని ఇంకో ఊరి ఆడవాళ్ళు కూడబలుక్కుని చదివారు. 1992లో జిల్లా అంతా రగులుకుంది, సారా వేలాలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఇదంతా పాట వల్లే జరిగిందంటే అబద్ధమవుతుంది. రాత్రి బళ్ళున్నాయి, మహిళా సంఘాలున్నాయి, వామపక్షాల కార్యకర్తలున్నారు, పత్రికలు రోజూ రాశాయి, అన్నిటికీ మించి ఇంట్లో గింజలు లేవు. పాట చేసింది నోరు తెరిపించడం. ఒక్కొక్కరుగా తెరవలేని నోటిని పదిమందితో కలిపి తెరిపించడం.

అది ఎట్లా చేస్తుందో పాడేవాళ్ళ వైపు నుంచి చెప్తా. పల్లవి తిరిగి తిరిగి వస్తుంది గదా, అది గుర్తుండటానికే అనుకుంటారు. వింటున్న మనిషికి ధైర్యం చాలడానికి పట్టే సమయం కూడా అదే. మొదటిసారి వింటుంది, రెండోసారి పెదవులు కదుపుతుంది, మూడోసారి గొంతు కలుస్తుంది. అత్తగారు పక్కనే ఉన్నా 'నేను కాదు, పాటలో అట్లా ఉంది' అనుకోవచ్చు. ఆ చాటు అవసరం. రెండోది ట్యూను. నాట్ల పాటో, జోలపాటో, కోలాటం పాటో ముందు నుంచి తెలిసిన వరస అయితే, ఆ వరస వెంట పాత జ్ఞాపకాలన్నీ వస్తాయి. జోలపాట వరసలో చచ్చిపోయిన బిడ్డ గురించి పాడితే ఎవరి మనసైనా ఎందుకు కదలదు? మూడోది, పాటలో మాట్లాడేది ఎవరు అన్నది. 'వాళ్ళు బాధపడుతున్నారు' అని పాడితే జాలి పుడుతుంది. 'నేను' అని పాడితే పాడిన మనిషి ఆ కాసేపైనా ఆ చోట నిలబడాలి. పెద్దింటి కుర్రాళ్ళు కూలి ఆడమనిషి పాట 'నేను' అని పాడటానికి ఇబ్బంది పడటం నేను చాలాసార్లు చూశాను, ఆ ఇబ్బంది మంచిదే, అక్కడే ఏదో పని జరుగుతోంది.

డప్పు గురించి చెప్పకుండా మన జిల్లాల పాట గురించి చెప్పలేం. వాయించబోయే ముందు తాటాకు మంట వేసి డప్పుకి సెగ చూపిస్తారు. చర్మం బిగిసేదాకా తిప్పుతూ మధ్యమధ్యలో వేళ్ళతో కొట్టి చూస్తారు, బద్దుమంటే ఇంకా సెగ కావాలి, ఖణేలుమంటే సిద్ధం. మంచు పడే రాత్రుల్లో ఆట మధ్యలోనే మళ్ళీ చల్లబడి చర్మం జారుతుంది, అందుకని ఒకరు వాయిస్తుంటే ఇంకొకరు మంట దగ్గరుంటారు. ఆ వాద్యం తయారుచేసేది, వాయించేది మాదిగలు. ఊళ్ళో చావుకి పిలిచేవాళ్ళు, జాతరకి పిలిచేవాళ్ళు, దండోరా వెయ్యమనేవాళ్ళు. రేపు పంచాయితీ ఉంది, ఎల్లుండి శిస్తు కట్టాలి అని వీధి వీధికీ అరిచి చెప్పే గొంతు వాళ్ళది, చెప్పే మాట మాత్రం ఎప్పుడూ ఇంకొకరిది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపాక, ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల చేరినవాళ్ళ శిబిరం చుట్టూ లేచిన ఉద్యమంలో ఆ డప్పు సొంత మాట చెప్పడం మొదలుపెట్టింది. 1994 జూలై 7న మన ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టినప్పుడు జనం దాన్ని దండోరా ఉద్యమం అనే పిలిచారు. అంతవరకూ దాచుకున్న కులం పేరుని వేలమంది తమ పేరు చివర తగిలించుకున్నారు. ఎస్సీ రిజర్వేషన్లని ఉపకులాల వారీగా వర్గీకరించాలన్న వాళ్ళ డిమాండు మీద దళితుల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకి అనుకూలంగా తీర్పిచ్చింది, ఆ చర్చలోకి ఇక్కడ పోను. నేను చెప్పేది లోపలి సంగతి. డప్పు చప్పుడు వింటే సిగ్గుతో తలొంచుకున్న పిల్లవాడు, అదే చప్పుడుకి ఛాతీ విరుచుకుని నడిచాడు. నా క్లాసులోనే అట్లాంటి పిల్లల్ని చూశాను. ఒక మనిషికి తన మీద తనకున్న భావం మారడం కంటే పెద్ద రాజకీయం ఏముంటుంది?

ఇంకొక పాయ కూడా ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 1878 జూలైలో, భయంకరమైన కరువు కాలంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఒంగోలు బాప్టిస్టు క్రైస్తవ మిషను చరిత్రలో అది పెద్ద ఘట్టం. అప్పటి నుంచి పల్లెల్లో చర్చి పాటల పుస్తకం వచ్చింది. అక్షరం ముట్టనివ్వని ఇళ్ళల్లో పుస్తకం పట్టుకుని, ఆడా మగా కలిసి, హార్మోనియంతో పాడే అలవాటు తరాలుగా నడిచింది. మా కళాజాతాలో గొంతులున్నవాళ్ళు సగానికి పైగా అట్లా చర్చి పాటల్లో పెరిగినవాళ్ళే. భక్తి పాట వేరు, ఉద్యమ పాట వేరు అని గీత గీస్తాం గానీ పదిమందితో కలిసి గొంతెత్తడం అనే విద్య వాళ్ళకి అక్కడే అబ్బింది.

ఇక పాట మనిషి అంతరాత్మని కదిలిస్తుందా అన్న మాట. మంచి మాట ఉంటే చాలు, మనిషి మారతాడు అనుకుంటాం. అన్నమయ్య కీర్తన ఒకటుంది, రాజు నిద్రా బంటు నిద్రా ఒకటే, బ్రాహ్మణుడూ చండాలుడూ తిరిగే నేల ఒకటే అని చెప్తుంది. అంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు, అదీ 15వ శతాబ్దంలో? సంగీతం పోటీల్లో పిల్లలు ఎంత చక్కగా పాడతారో, నాకూ ప్రాణం ఆ కీర్తన. కానీ దాన్ని భజనలో తన్మయంగా పాడి, బయటికొచ్చి, టీ కొట్లో దళితులకి వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి నడుస్తుంటే చూస్తూ టీ తాగిన ఊళ్ళు నాకు తెలుసు. పాటలో తప్పు లేదు. ఎవరి పక్కన కూర్చుని పాడుతున్నారు అన్నది తేడా. సమానత్వం గురించి పాడే చోట ఆ రెండో గ్లాసు మనిషి లేడు, ఉండి ఉంటే చివరి చరణం అయ్యాక ఎవరో ఒకరు ఎవరి ముఖమో చూడాల్సి వచ్చేది.

దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. 1920ల మొదట్లో గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరతనం మాకొద్దని రాసిన పాట ఆంధ్రదేశమంతా పాకింది, ఆయన జైలుకి పోయాడు. జనమంతా అది పాడుకుంటున్న రోజుల్లోనే దళిత కవి కుసుమ ధర్మన్న అదే ఎత్తుగడ పట్టుకుని నల్లదొరతనం మాకొద్దు అని రాశాడు. తెల్లవాణ్ణి ప్రశ్నిస్తున్న నువ్వు మీ పక్క వాడలో మనిషికి ఏం చేస్తున్నావు అని అడగడమే ఆ పాట. వరస అందరికీ తెలిసినదే కాబట్టి తప్పించుకోలేరు, పెదవుల మీదికి వచ్చేస్తుంది, వచ్చాక మాట గుచ్చుకుంటుంది. నా దృష్టిలో అంతరాత్మ ఉన్న పాట అంటే ఇదే. ఎదుటివాడి తప్పు చూపించే పాటలు కోకొల్లలు. పాడుతున్నవాడి ఇంటి గడప దాకా వచ్చి అడిగే పాటలు తక్కువ, అవే మనిషిలో ఎక్కువకాలం నిలబడతాయి.

మన పాతవాళ్ళు ఇట్లా ఆపి అడిగే ప్రశ్నకి పాటలోనే చోటు పెట్టారు. బుర్రకథలో తంబురా పట్టుకున్న కథకుడు మధ్యలో ఉంటాడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకాయన హాస్యం చూస్తాడు, రెండో ఆయన్ని రాజకీయ వంత అంటారు. కథ ఏ పల్నాటి యుద్ధమో నడుస్తుంటే ఆయన ఆపి, మరి ఈ రోజు మన ఊళ్ళో జరిగేదేంటి అని అడుగుతాడు, ధరల గురించి మాట్లాడతాడు, మళ్ళీ కథలోకి పోతారు. 1943లో వామపక్ష కళాసంస్థ ప్రజా నాట్యమండలి పుట్టాక బుర్రకథ చెప్పిన నాజర్ గారి లాంటివాళ్ళు ఆ వంత నోటిని ఎంత పదునుపెట్టారో పెద్దవాళ్ళనడిగితే చెప్తారు. మోటూరు ఉదయం గారి దళంలో ఆడవాళ్ళే కథ చెప్పారు, 1940లలో ఆడపిల్ల స్టేజీ ఎక్కడమే వార్త. వింటున్నవాడు కథలో కొట్టుకుపోతుంటే ఆపి ఆలోచించమనే మనిషిని పక్కనే నిలబెట్టుకోవడం, అదీ ఆ కళలో గొప్పతనం.

ఇప్పుడు నువ్వడిగిన ఎలక్షన్ పాట. ఆ జలదరింపు అబద్ధం కాదు, దానికి సిగ్గుపడకు. పదిమందిలో ఒకడిగా ఉండటం మనిషికి ఇష్టం, గట్టి దరువు పడితే గుండె దానితో పాటు కొట్టుకుంటుంది. వాళ్ళు వాడేది కూడా మన వరసలే, మన డప్పే, ఉద్యమాల్లో పాడిన గాయకుల గొంతులే కొన్నిసార్లు. తేడా ఎక్కడంటే, బండి మీద డీజే సౌండులో పక్కవాడి గొంతు నీకు వినపడదు, నీ గొంతు నీకే వినపడదు. కలిసి పాడటం ఉండదు, కలిసి ఊగడం ఉంటుంది. బండి ఆగదు కూడా, పాటయ్యేలోపు పక్క వీధిలో ఉంటుంది, ఆపి 'అన్నా, ఈ చరణంలో చెప్పింది నిజమేనా, మన చెరువు సంగతేంటి' అని అడిగే వీలుండదు. ఆ పాట నీతో చెయ్యించేది రెండే: చెయ్యెత్తించడం, ఓటేయించడం. ఆ తర్వాత నీతో దానికి పని లేదు.

అందుకని ఏ పాట విన్నా, ఉద్యమ పాటైనా సరే, కొన్ని చూసుకో. అందులో నీలాంటి మనిషి ఉన్నాడా, ఉంటే ఏం చేస్తున్నాడు, ఊరికే చేతులు కట్టుకుని నాయకుడి కోసం ఎదురుచూస్తున్నాడా? ఎవరి మీద కోపం తెప్పిస్తోంది, ఆ కోపం చేసిన పని మీదా, లేక వాళ్ళ పుట్టుక మీదా? పుట్టుక మీదైతే ఆ పాట ఎంత బాగున్నా పక్కన పెట్టెయ్, దరువు బాగుందని విషం తాగలేం. పాడినవాళ్ళు తర్వాత కూర్చుని మాట్లాడతారా, లేక చప్పట్లు కొట్టించుకుని వెళ్ళిపోతారా? ఈ చివరిదానితోనే నేను ఎక్కువసార్లు తేల్చుకుంటాను.

పాటకి చేతకానిది కూడా చెప్పాలి. అంత కష్టపడి తెచ్చుకున్న మద్యనిషేధం 1997లో సడలించారు, పాటలు దాన్ని ఆపలేకపోయాయి. అప్పటికి కళాజాతాలు తగ్గాయి, రాత్రి బళ్ళు చాలా చోట్ల మూతపడ్డాయి, మాట్లాడుకునే చోట్లే లేకుండా పోయాయి. ఇంకొకటి, మా సారా పాటల్లో మొగుడు తాగాడు కాబట్టి కొట్టాడు అనే ఉండేది. తాగని మొగుళ్ళు ఎందుకు కొడుతున్నారు అనే ప్రశ్న వాటిలో లేదు, రాత్రి బడిలో ఆడవాళ్ళే ఆ మాట లేవనెత్తారు. పాట ఎంత దూరం చూసిందో అంత దూరమే తీసుకుపోగలదు, మిగిలిన దూరం మాట్లాడుకునే నడవాలి.

నీకు నా సలహా, ముందు ఒక్క పాట పూర్తిగా నేర్చుకో, ఫోన్లో వినడం కాకుండా నోటితో. ఇద్దరు ముగ్గురు స్నేహితుల్ని కూర్చోబెట్టుకుని పాడు, గొంతు బాగా లేకపోయినా ఫరవాలేదు, కోరస్‌లో అందరి గొంతూ సరిపోతుంది. అయిపోగానే ఫోన్లు తియ్యకుండా కాసేపు కూర్చుని, మన కాలేజీలో, మన ఊళ్ళో ఇట్లాంటిది ఉందా అని అడుగు. ఎవరూ పలక్కపోతే కంగారుపడి నువ్వే అందుకోకు, ఆగు. కావలి, కందుకూరు, ఒంగోలు వైపుల్లో ప్రజా నాట్యమండలి వాళ్ళో, సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వాళ్ళో కార్యక్రమాలు పెడితే వెళ్ళు. ఆట అయ్యాక వెనక్కి తిరక్కుండా డప్పు సర్దుకుంటున్నవాళ్ళ దగ్గరికి పొయ్యి మాట్లాడు, ఎంత సంతోషిస్తారో.

ఇంకో పని, మీ నాయనమ్మో అమ్మమ్మో ఉంటే ఆమె పాటలు రికార్డు చేసుకో. శోకం పాడమని మాత్రం మామూలు రోజు అడగొద్దు, ఇంట్లో అశుభం అంటారు, ఆమె మనసూ కష్టపడుతుంది. నాట్ల పాటతో మొదలుపెట్టు, మీ ఊళ్ళో సారా కొట్టు ఎక్కడుండేదో అడుగు, దాన్ని మూయించిన రోజు ఎవరెవరు వెళ్ళారో పేర్లతో సహా చెప్పించు. తేదీలు తప్పు చెప్పినా మధ్యలో దిద్దకు. అర్థం కాని మాట వస్తే అప్పుడే అడిగి రాసుకో, ఇప్పుడు ఆ మాటలు వాడేవాళ్ళు తక్కువ. రికార్డు చేశాక ఫోన్లో వదిలెయ్యకుండా మీ అమ్మకీ అత్తయ్యలకీ వినిపించు, వాళ్ళు వింటూ కలిపే మాటలు కూడా రికార్డు చెయ్యి. ఏదైనా చరణం పట్టుబడితే ఇక్కడ రాయి తమ్ముడూ, వరస నాకు తెలిసినదైతే చెప్తాను.